మెతుకు పట్టి చూచుట

మదనపల్లె నుండి తిరుపతికి పోవు మార్గమున రెండు పేర్లు గల ఊరొకటి యున్నది. ప్రభుత్వపు కాగితములలో అది వాల్మీకిపురము. బస్సు కండక్టరు నోటను, టమోటా తోటనుండి వచ్చిన రైతు నోటను అది వాయల్పాడు. "మీదే ఊరు?" అని తాసీల్దారు కచ్చేరిలో అడిగినచో ఒక జవాబు, బస్సులో ప్రక్కసీటువా డడిగినచో మఱొక జవాబు వచ్చును; రెండును సత్యములే. అడిగినవాడెవడో, ఎక్కడ అడుగుచున్నాడో, దేనికై అడుగుచున్నాడో చూచుకొని మనుష్యుడు తా నెఱిగిన సత్యములలో నుండి ఒకదానిని ఏరి యిచ్చును. ఊరిపేరు వంటి నిరపాయమైన విషయముననే ఇట్లుండగా, "మీ మతమేమి? మీరెవరికి ఓటు వేయుదురు? మీ బిడ్డ అన్యమతస్థుని పెండ్లాడిన మీకు సమ్మతమేనా?" అను ప్రశ్నల సంగతి వేఱుగ చెప్పవలయునా? ఇట్టి ప్రశ్నలనే వేలమందిని అడిగి, వచ్చిన జవాబులను లెక్కించి, శాతములుగా మార్చి పత్రికలలోను టీవీలలోను మన యెదుట పెట్టు విద్యకు అభిప్రాయసేకరణమని పేరు, జనవ్యవహారమున సర్వే. ఆ అంకెలను నమ్మువారును, నవ్వువారును మనలో సమానముగనే యున్నారు. అవి యెట్లు పుట్టునో తెలిసికొన్నవారు మాత్రము తక్కువ.

ఈ విద్యకు సంబంధించిన ప్రధానమైన మాటయే ఒక చమత్కారమును కడుపున దాచుకొని యున్నది. సంస్కృతమున 'మతము' అనగా తలపబడినది, అనగా అభిప్రాయము. అభిమతము, సమ్మతము అను మాటలలో ఆ ప్రాతయర్థము నేటికిని బ్రతికియే యున్నది. తెలుగున మాత్రము అది దైవవిశ్వాసమునకు పేరై స్థిరపడినది. కుప్పము దాటి కన్నడసీమలో అడుగిడినంతనే ఆ మాటకు ఓటు అను నర్థము గూడ వచ్చి చేరును. ఎన్నికలనాడు అక్కడి పాఠశాల గోడకు 'మతగట్టె' అని బోర్డు కట్టుదురు. లిపి పోలికచేత దానిని కూడబలుకుకొని చదివిన మన తెలుగువాడు ఇదేదో దేవళపు అరుగు కాబోలు ననుకొన్నను తప్పుపట్టరాదు. అటు తమిళసీమ వైపునకు పోయినచో ఓటు 'వాక్కు' అగును, పోలింగు జరుగు చోటు 'వాక్కుచ్చావడి' అగును. ద్రావిడ విశ్వవిద్యాలయమును 1997లో కుప్పముననే నెలకొల్పుటకు మూడు భాషల ఈ కూడలి కంటె తగిన చోటు దొరకదు గదా! ఒక్క ప్రశ్నను ఈ ప్రాంతపు ఇండ్లలో అడుగబోవువాడు తెలుగున, తమిళమున, కన్నడమున, ఉర్దూలో నాలుగు ప్రశ్నలను సిద్ధము చేసికొనవలయును. నాలుగును ఒక్క ప్రశ్నయే యని తన్ను తాను నమ్మించుకొనవలయును. ఆ రెండవ పని మొదటిదానికంటె కష్టము.

ఇక కొందఱినే అడిగి అందఱి మాటను చెప్పుట యెట్లు సాధ్యము? ఈ సందేహము మన పూర్వులకు లేదు. కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఇల్లాలు కుండనంతటిని క్రుమ్మరింపదు. ఒక్క మెతుకు తీసి వ్రేళ్ళ నడుమ నొక్కి చూచును. దీనినే శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయ మనిరి. అయితే ఈ న్యాయమునకు చెప్పని షరతు ఒకటి గలదు: కుండ క్రింద మంట సమముగ నుండవలయును, గరిటె పెట్టి కలిపియుండవలయును. అడుగు మాడి, పైభాగము పలుకుగా నున్న కుండలో పైమెతుకు పట్టినవాడు మోసపోవును. సమాజమను కుండను కలుపు గరిటె యెవ్వరిచేతను లేదు. ఒకే పల్లెలో ఊరు వేఱు, వాడ వేఱు. పెద్దవీథి వేఱు, తురకవీథి వేఱు. కావున మెతుకును ఎక్కడనుండి తీయవలెనో నిర్ణయించుటయే ఒక శాస్త్రమైనది. ఆ శాస్త్రమును భారతదేశమున పాదుకొల్పినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించి, వంగదేశపు జనుము పొలములను మచ్చుచూచి పంటను లెక్కకట్టు పద్ధతిని నేర్పెను. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు మూలపురుషు డాయనయే. ఆ సంస్థలోనే పెరిగి ప్రపంచఖ్యాతి గడించిన కల్యంపూడి రాధాకృష్ణారావు మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివినవాడు. నూటరెండేండ్ల వయసున, 2023లో, సాంఖ్యకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానము నందుకొని ఆ యేడే కన్నుమూసెను.

'మచ్చు' అను తెలుగుమాట యుండగా 'శాంపిలు' అనవలసిన అవసరము మనకు లేదు. మదనపల్లె టమోటా మార్కెట్టున మచ్చు విద్య తెలియని వ్యాపారి ఒక్క సీజను గూడ నిలువజాలడు. బాక్సులలో పైవరుసన ఎఱ్ఱగా నిగనిగలాడు కాయలను పేర్చి, అడుగున పచ్చివి, మచ్చలవి సర్దు నేర్పు అమ్మువానికి గలదు. ఆ నేర్పు తెలిసిన కొనువాడు పైకాయను కన్నెత్తి చూడక, నడుమకు చేయి పోనిచ్చి, అడుగునుండి రెండు పైకి లాగి అప్పుడు ధర పలుకును. సర్వే చేయువాడు చేయవలసినదియు అదియే. బజారులో ఎదురైన పదిమందిని, టీయంగడిలో పత్రిక చదువుచున్న పెద్దమనుష్యులను అడిగి ఊరి యభిప్రాయ మిది యని వ్రాసుకొని పోవుట పైవరుస కాయలను చూచి బాక్సు కొనుట వంటిది.

సంఖ్య పెరిగినంత మాత్రమున ఈ దోషము పోదు. దీనికి లోకప్రసిద్ధమైన తార్కాణము 1936లో అమెరికాలో జరిగినది. లిటరరీ డైజెస్టు అను పత్రిక అధ్యక్షపదవి యెన్నికకు ముందు దాదాపు కోటిమందికి కార్డులు పంపెను. ఇరువది మూడు లక్షలకు పైగా జవాబులు తిరిగివచ్చెను. లాండన్ అను అభ్యర్థి గెలుచునని పత్రిక ప్రకటించెను. రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. కార్డులు పంపిన చిరునామాలు ప్రధానముగ టెలిఫోను పుస్తకములనుండియు, మోటారుకార్ల జాబితాలనుండియు తీసినవి. ఆ కఱవుదినములలో ఫోనును కారును గలవాడు సామాన్యుడు కాడు. కోపముగ నున్నవాడే ఓపికగ కార్డు నింపి పంపును గనుక ఆ వంకరకు మఱొక వంకర తోడయ్యెను. జార్జి గాలప్ అను నతడు అంతకంటె ఎంతో తక్కువమందిని, అయితే ఎంచి యడిగి, సరియైన ఫలితమును ముందే చెప్పెను. కొన్నాళ్ళకే ఆ పత్రిక మూతపడెను.

ఎంచుట యనగా మనకు నచ్చినవారిని ఏరుకొనుట కాదు. చీటీ వేసినట్లు, ఎవ్వరి యిష్టమును లేక, ప్రతివానికిని అడుగబడు అవకాశము సమానముగ నుండునట్లు ఎంచుట. ఢిల్లీలో 1963లో రజనీ కొఠారీ స్థాపించిన అభివృద్ధిశీల సమాజముల అధ్యయన కేంద్రము 1967 నుండి మన ఎన్నికలపై చేయుచున్న పరిశోధనలలో, దాని శాఖయైన లోక్‌నీతి చేయు సర్వేలలో, ఓటర్ల జాబితా నుండియే లెక్క ప్రకారము పేర్లు తీయుదురు. జాబితాలో ఎవని పేరు వచ్చినదో వానినే వెదకి పట్టుకొని అడుగవలెను గాని, వాడు చేనికి పోయినాడని ప్రక్కింటివానిని అడుగరాదు. ఇట్లు వేయిమందిని అడిగిన సర్వేలో సాధారణముగ నూటికి మూడు వంతులు అటో యిటో తప్పు వచ్చుటకు వీలున్నది. ఆశ్చర్యకరమైన విషయ మేమనగా, ఈ తప్పు అడిగినవారి సంఖ్యను బట్టియే గాని దేశజనసంఖ్యను బట్టి పెద్దగ మారదు. వాల్మీకిపురమునకు వేయి మెతుకులెంతో, భారతదేశమునకును వేయి మెతుకులు దాదాపు అంతే. పెద్దకుండకు పెద్దమెతుకు అక్కఱలేదు గదా! కాని తప్పును సగమునకు తగ్గింపవలెనన్న రెట్టింపుమందిని అడిగిన చాలదు, నాలుగింతలమందిని అడుగవలయును. ఖర్చు అక్కడనే పెరుగును. చౌకసర్వేలు అక్కడనే పుట్టును.

మెతుకు ఎక్కడిదో తెలియక పలికినచో ఏమగునో చూపుటకు మన ప్రాంతమే చాలును. 2019 శాసనసభ ఎన్నికలలో అప్పటి చిత్తూరు జిల్లాలోని 14 స్థానములలో 13 వైయస్సార్ కాంగ్రెసుకు పోగా, తెలుగుదేశమునకు దక్కినది కుప్పము ఒక్కటే. 1989 నుండి అక్కడ గెలుచుచున్నవాడు చంద్రబాబునాయుడు. 2024లో గాలి తిరుగబడి రాష్ట్రమంతటను వైయస్సార్ కాంగ్రెసుకు 11 స్థానములే మిగులగా, ఆ పదునొకండింటిలో పుంగనూరు ఒకటి. అక్కడ గెలిచినవాడు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి. 2019లో కుప్పము మెతుకు పట్టినవాడు రాష్ట్రమంతయు పసుపే యనును. 2024లో పుంగనూరు మెతుకు పట్టినవాడు జగన్మోహనరెడ్డియే మరల వచ్చుననును. రెండు ఊళ్ళ నడుమ దూరము బస్సులో కొన్ని గంటలది మాత్రమే. ఇక వాయల్పాడు సంగతి మఱొక విధము. నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డిని ముమ్మారు శాసనసభకు పంపిన ఆ నియోజకవర్గమే 2008 నాటి పునర్విభజనలో మాసిపోయి పీలేరులో కలిసెను. తరువాత ఆయన పీలేరు నుండి గెలిచి, ఉమ్మడి రాష్ట్రపు తుది ముఖ్యమంత్రి యయ్యెను. నిన్నటి లెక్కను నేటితో పోల్చి చూడవలెనన్న పోల్చుటకు ఆ పాత్రయే లేదు.

పాఠకులు సర్వేలపై విశ్వాసము పోగొట్టుకొనునది ఎక్కువగ ఎన్నికల జోస్యముల వలననే. నా మట్టుకు అందులో తప్పు ప్రశ్నలు వేసినవానిది కొంత, ఓట్లను సీట్లుగ మార్చి చెప్పుమని వేధించు మనది కొంత. 2019లో వైయస్సార్ కాంగ్రెసుకు వచ్చిన ఓట్లు నూటికి 50కి రవ్వంత తక్కువ, స్థానములు 175లో 151; 2024లో ఓట్లు 39 శాతమునకు పైచిలుకు, స్థానములు 11. పది శాతపు ఓట్లు జారినంతనే నూట నలువది స్థానములు జారిపోయెను. ఓట్లలో రెండుమూడు శాతముల తప్పు ఎంత మంచి సర్వేకైనను సహజమే యైనప్పుడు, ఆ కొంచెపు తప్పు స్థానముల లెక్కలో ఎంత కొండయగునో ఊహించుకొనవచ్చును. తన సర్వేలు నిజమగుటచేత 'ఆంధ్రా ఆక్టోపస్' అని పేరు గాంచిన లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణమున విపక్షముల ప్రజాకూటమికి 65 స్థానములు, పది అటో యిటో, వచ్చునని చెప్పెను. తెలంగాణ రాష్ట్ర సమితి 119లో 88 గెలిచెను. మఱుసటి యేడు ఆంధ్రప్రదేశమున తెలుగుదేశమునకు నూరు, పది అటో యిటో, అనెను, వచ్చినవి 23. ఇక సర్వేల జోలికి పోనని ఆయన ప్రకటించెను. 2004లో ఢిల్లీ గద్దె గూర్చి జోస్యము చెప్పినవారును, 2024 జూన్ 1వ తేదీ సాయంకాలము అధికారపక్షపు కూటమికి 350కి మించి వచ్చునని చెప్పినవారును ఆయనకు తోడుగ నున్నారు. జూన్ 4న వచ్చినవి 293. పోలింగు ముగియువఱకు ఎగ్జిట్ పోలు ఫలితములను ప్రకటింపరాదని 2009 నాటి చట్టసవరణ నిషేధించినది గాని, ముగిసిన తరువాత తప్పు చెప్పరాదని ఏ చట్టమును నిషేధింపజాలదు.

ఇంటింటికి పోయి అడుగు పద్ధతి మదనపల్లె సీమకు క్రొత్తది కాదు. ఊరికి చేరువ నున్న ఆరోగ్యవరము శానిటోరియమునకు పెద్దగా నుండిన డెన్మార్కు దేశపు వైద్యుడు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ క్షయవ్యాధిపై జరిపిన పరిశోధన లోకమంతట వైద్యులు చదువుకొన్నది. దేశమున బీసీజీ టీకాకు ప్రయోగరూపమున నాంది పలికినది 1948లో మదనపల్లెలోనే. తరువాత 1950 నుండి 1955 వఱకు ఆయన బృందము పట్టణమునను చుట్టుపట్ల పల్లెలలోను ఇల్లిల్లు తిరిగి, జనుల పేర్లు వ్రాసి, చర్మపరీక్ష చేసి, ఎక్స్‌రే తీసి, ఎవరికి వ్యాధి యున్నదో, ఎవరికి క్రొత్తగ వచ్చినదో లెక్కకట్టెను. ఆ ఫలితములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడెను. ఆ దినములలోనే చెన్నపట్టణమున రాజగోపాలాచారివంటి మహానాయకుడు బీసీజీ టీకాను వ్యతిరేకించి 1955లో పుస్తకమునే ప్రకటించెను. అట్టి గాలిలో టీకా వేయించుకొమ్మని తలుపు తట్టుట సులభమై యుండదు. ఊపిరితిత్తులను పరీక్షించు వైద్యునికిని, అభిప్రాయమును పరీక్షించు సర్వేయరునకును సమానమైన చిక్కు ఒకటి గలదు: పరీక్షకు రానివాడు వచ్చినవానివంటివాడు కాడు. దగ్గుచు ఇంటిలోపల దాగినవానిని విడిచి లెక్క వేసినచో ఊరు ఆరోగ్యముగనే కనబడును.

నేడు దాగినవారెవరు? కుప్పమున తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి ప్రొద్దుగూకిన పిమ్మట వచ్చువారు, పీలేరు రాయచోటి వైపు పల్లెలనుండి కువైటునకు పోయి రెండేండ్ల కొకసారి ఇల్లు చూచువారు, పట్టపగలు కూలికి పోయిన ఆడువారు. పదకొండు గంటలకు తలుపు తట్టిన సర్వేయరునకు దొరకునది అరుగుమీది తాత. నేనెఱిగిన ఒక యింట జరిగిన సంభాషణ ఇట్లున్నది. చేత టాబు పట్టుకొని వచ్చిన కుఱ్ఱవానిని చూచి ఆ యింటి అవ్వ, "యాడ నుంచి వొచ్చినావు నాయనా? ఏ పార్టీ తరపున?" అని అడిగెను. ఏ పార్టీయు కాదనగా, "అట్లయితే పింఛనీ తీసేదానికా?" అనెను. అదియును కాదని వాడు ప్రమాణము చేసి, ఓటు ఎవరికని అడుగగా, "అందురూ మంచోళ్ళే సామీ. ఎవురొచ్చినా మాకేముండాది?" అని నవ్వి మజ్జిగ తెచ్చి యిచ్చెను. ఆ అవ్వ జవాబు టాబులో 'చెప్పలేను' అను గడిలో పడినది. ఆమెకు అభిప్రాయము లేకనా? ఊరిలో ఏ వార్డు మెంబరు ఎవరికేమి చేసెనో వరుసగ చెప్పగలదు. చెప్పినచో ఎవరి చెవిని పడునో యను వెఱపు, వచ్చినవానిని నొప్పింపరాదను మర్యాద, ఈ రెండును కలిసి 'చెప్పలేను' అయినవి. ఈ చిక్కు తెలిసియే లోక్‌నీతివారు ఓటు ప్రశ్నకు నోటితో జవాబడుగక, గుర్తులున్న కాగిత మిచ్చి, గీత పెట్టి మడిచి డబ్బాలో వేయు మందురు. రహస్యము దొరికినంతనే నాలుక కదలును. ఫోనులో యంత్రము పలికి, ఫలానావారు కావలెనన్న ఒకటి నొక్కుడు, వలదన్న రెండు నొక్కుడు అను సర్వేలకు ఈ మర్యాదయును లేదు, మజ్జిగయును లేదు. మనలో పలువురు మూడవమాట వినకమునుపే పెట్టివేయుదురు, ఓపిక గలవాడు మాత్రము నొక్కును.

రాజకీయమునకంటె లోతైన ప్రశ్న మతమునకు సంబంధించినది. ఈ దిశలో మన దేశమున జరిగిన మిక్కిలి విస్తారమైన ప్రయత్నములలో ఒకటి అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రమువారిది. 2019 నవంబరు నుండి 2020 మార్చి వఱకు, కరోనా వచ్చి ఊళ్ళకు తాళము పడబోవు నంతవఱకు, 17 భాషలలో 29,999 మంది పెద్దలను ముఖాముఖిగ అడిగి, 2021 జూన్‌లో నివేదిక వెలువరించిరి. అందులోని అంకెలు ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చదువవలసినవి. నిజమైన భారతీయుడగుటకు అన్ని మతములను గౌరవించుట మిక్కిలి ముఖ్యమని నూటికి 84 మంది చెప్పిరి. అదే సర్వేలో హిందువులలో నూటికి 36 మంది ముసల్మానును పొరుగింటివానిగ ఒప్పుకొనమనిరి. తమ మతపు స్త్రీలు అన్యమతస్థులను పెండ్లాడకుండ ఆపుట మిక్కిలి ముఖ్యమని హిందువులలో 67 మంది, ముసల్మానులలో 80 మంది చెప్పిరి. కర్మసిద్ధాంతమును నమ్ముచున్నామన్న హిందువులు నూటికి 77. ముసల్మానులును సరిగ్గ 77.

ఈ అంకెలను చూచి పరదేశపు పాఠకుడు విరోధాభాస మనుకొనును, పట్టణపు విమర్శకుడు కపట మనుకొనును. నేను రెండును అనను. రాయలసీమలో పెరిగినవానికి ఇందులో వింత యేమియు లేదు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని కోవెలకు ముసల్మానులు టెంకాయలతో పోవుదురు. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరుకు హిందువులు మ్రొక్కులు చెల్లింతురు. ఆ చేతులతోనే వియ్యపు తాంబూలము నందుకొమ్మన్నచో రెండు వైపులవారును వెనుకకు తగ్గుదురు. మ్రొక్కు వేఱు, వియ్యము వేఱు అని యేనాడో గిరి గీసికొన్న సమాజ మిది. గౌరవింతువా యని అడిగిన సర్వేయరు మ్రొక్కును కొలిచెను, పొరుగున ఉండనిత్తువా యని అడిగినప్పుడు వియ్యమును కొలిచెను. నివేదిక ఈ గీతను కనుగొని ముద్రించినందుకు దానిని నేను మెచ్చుకొందును. దూరముంచుట గౌరవమునకు అడ్డు కాదని నమ్ము మన అలవాటును మాత్రము మెచ్చుకొనజాలను. ఇల్లు అద్దెకు వెదకుకొనుచు పేరు చెప్పినంతనే గేటు మూయబడినవానికి 84 అను అంకె ఊఱట యీయదు.

మఱి, 'నీ మతమేమి' అను సులభమైన ప్రశ్నకైనను నిజమైన జవాబు వచ్చునా? 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున క్రైస్తవులు నూటికి 1.34 మంది మాత్రమే. మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో ఆదివారము ప్రొద్దున ప్రార్థనకు పోవువారిని చూచినవా డెవడును ఆ అంకెను నమ్మడు. కారణము గణకుని అలసత్వము గాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించినది గాని క్రైస్తవులకు లేదు. బిడ్డ కాలేజీ సీటు, ఉద్యోగము, కుటుంబపు బ్రతుకుదెరువు ఒక గడిలోని మాటపై ఆధారపడి యున్నప్పుడు, ఆదివారమునాటి జవాబు వేఱు, ఆఫీసునాటి జవాబు వేఱు అగుటలో ఆశ్చర్యమేమి? దీనిని అబద్ధమని నిందించుటకు నాకు మనసొప్పదు. ప్రశ్నకు దండన ముడిపెట్టినవాడు జవాబు వంకరపోయినదని వగచుట న్యాయము కాదు.

స్త్రీపురుషుల విషయమున ఆ ప్యూ సర్వే జవాబులనే వేఱుగ కూర్చి 2022లో మఱొక నివేదిక తెచ్చిరి. భార్య యెల్లప్పుడును భర్త మాట వినవలయునని నూటికి 87 మంది సంపూర్ణముగనో చాలవఱకో అంగీకరించిరి. అయినను రాజకీయ నాయకత్వమున స్త్రీపురుషులు సమానులని 55 మంది, స్త్రీలే మేలని 14 మంది చెప్పిరి. పురుషులే మేలన్నవారు 25 మంది. ఇంట విధేయత, సభలో అధ్యక్షత! పల్లెలో సర్పంచి కుర్చీలో భార్యను కూర్చుండబెట్టి సంతకము తప్ప తక్కినదంతయు తానే చేయు భర్తను ఎఱిగిన మనకు ఈ రెండంకెలు ఒక్క గడపలో ఎట్లు కాపురముండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ప్రభుత్వమే తలుపు తట్టినప్పుడు సంగతి మఱింత చిక్కువడును. తెలంగాణమున 2014 ఆగస్టు 19న సెలవిచ్చి ఒక్క దినమున సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు, లెక్కలో లేనివారికి పథకములు అందవేమో యను భయముతో జనులు దూరపు ఊళ్ళనుండి బస్సులు రైళ్ళు నిండి ఇండ్లకు తరలిరి. అక్కడ 2024 నవంబరులో కులసర్వే మొదలైనది. ఆంధ్రప్రదేశమున అంతకుముందే ఆ యేడు జనవరిలో వాలంటీర్ల చేత కులగణన సాగినది. గణన వేఱు, అభిప్రాయసేకరణ వేఱు. మొదటిది అందఱిని అడిగి ఉన్నదానిని వ్రాయును. రెండవది కొందఱిని అడిగి తలచినదానిని వ్రాయును. గడపలో నిలిచిన అవ్వకు మాత్రము రెండును ఒక్కటే. ఆమె చూచునది ప్రశ్నను గాదు, దాని వెనుక నిలిచిన చేతిని.

కావున పత్రికలో శాతము కనబడినప్పుడు నేను మొదట ఆ శాతమును చదువను. ప్రశ్నను పూర్తిగ ముద్రించిరా, ఏ భాషలో అడిగిరి, ఫోనులోనా ముఖాముఖిగనా, ఏ నెలలో, ఎవరి డబ్బుతో అని వెదకుదును. ప్యూ నివేదిక ప్రశ్నలు వేసిన ఆ చలికాలమునందే పౌరసత్వ చట్టసవరణపై దేశమంతట ఊరేగింపులు జరుగుచుండెనని తెలిసి చదువుటకును, తెలియక చదువుటకును భేదము గలదు. ఈ వివరములేవియు లేని సర్వే చేతికి వచ్చినచో ఆ పుటను త్రిప్పివేయుదును. పైవరుస కాయలు ఎంత ఎఱ్ఱగ నున్నను అడుగు చూపని బాక్సును మా మార్కెట్టులో ఎవ్వరును కొనరు.

రాబోవు జనాభా లెక్కలకు 2027 మార్చి 1వ తేదీ ప్రమాణదినమని ప్రభుత్వము ప్రకటించినది. 1931 తరువాత మొదటిమాఱు ఆ లెక్కలలో ప్రతివాని కులమును అడుగుదురు. మతమును ఎప్పటివలె అడుగుదురు. అది అభిప్రాయసేకరణ కాదు గాని, ఇకమీద జరుగు సర్వేలన్నియు మెతుకు ఎక్కడ పట్టవలెనో ఆ లెక్కను చూచియే నిర్ణయించుకొనును. లెక్కలవారు వాయల్పాటి వీథులకు వచ్చినప్పుడు తలుపు తీయుడు, ప్రశ్నను మరల ఒకసారి చదువుమనుడు, నిదానముగ జవాబు చెప్పుడు. ఊరిపేరడిగినచో వాల్మీకిపురమని వ్రాయింపుడు.